ఫాగ్ ల్యాంప్ స్విచ్‌తోనే అదనపు లైట్లు వెలిగించాలి, కానీ స్విచ్ వేడెక్కుతోంది

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నా కారుకి కంపెనీ ఇచ్చిన ఫాగ్ ల్యాంపులు రెండూ రాళ్లు తగిలి పగిలిపోయాయి. వాటిని తీసేసి బంపర్ మీద దూరం కొట్టే లైట్లు రెండు బిగించాను. హాలోజన్వి, ఒక్కోటి 55 వాట్లు. డాష్‌బోర్డుకి కన్నం పెట్టి వేరే స్విచ్ తగిలించడం నాకు సుతరామూ ఇష్టం లేదు. ఫాగ్ స్విచ్ ఎలాగూ ఖాళీగా ఉందని పాత ల్యాంపుల వైర్లనే కొత్త లైట్లకి కలిపేశాను.

నాలుగు రోజులు బాగానే వెలిగాయి. ఆ తర్వాత ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే అదీ పోయింది. అక్కడ 10 ఆంపియర్లది ఉంటే నేను 20 వేశాను. ఇప్పుడు ఫ్యూజు పోవడం లేదు గానీ, అరగంట నడిపేసరికి ప్లాస్టిక్ కాలుతున్న వాసన. స్విచ్ మీద వేలు పెడితే చుర్రుమంది. స్విచ్ మార్చాలా, వైర్లు మార్చాలా?

జవాబు:
ముందు వెళ్లి ఆ 20 పీకేసి 10 వేసి రండి, తర్వాత మాట్లాడుకుందాం. ఫ్యూజు కాపాడేది లైటుని కాదండీ, దాని వెనకున్న వైరుని. మీ వైరు తట్టుకోగలిగింది పది. ఇరవై వేశారంటే, ఫ్యూజు కన్నా ముందు వైరే కాలుతుంది.

రెండు విషయాలు చెప్పండి. పాత బల్బుల మీద ఎన్ని వాట్లని రాసి ఉంది? ఇంజిన్ నడుస్తుండగా, పాత ల్యాంపు వైరు దగ్గర మల్టీమీటర్ పెడితే ఎంత వస్తోంది? లైట్లు తగిలించి ఒకసారి, విడదీసి ఒకసారి చూడండి.

అడిగినవారు:
10 వేసేశాను. పాత బల్బులు 35 వాట్లవి. లైట్లు విడదీసి చూస్తే 13.8 వోల్టులు, కదలకుండా నిలిచింది. లైట్లు వెలుగుతుండగా చూస్తే 12.1. అప్పుడు కూడా బ్యాటరీ దగ్గర 13.8 ఉంది.

జవాబు:
ఆ రెండు అంకెల్లోనే ఉంది మీ సమస్యంతా.

పాత రెండు బల్బులు కలిపి 70 వాట్లు, అంటే ఆరు ఆంపియర్ల లోపు. మీవి 110 వాట్లు, సుమారు తొమ్మిది. దారిలో 1.7 వోల్టులు పోతున్నాయి. 1.7ని తొమ్మిదితో గుణిస్తే పదిహేను వాట్లు. అంటే ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌ని డాష్‌బోర్డు లోపల స్విచ్‌కీ వైర్లకీ పంచిపెట్టి వదిలేసినట్టు. వాసన రాక ఏం చేస్తుంది! పైగా హాలోజన్ బల్బుకి వోల్టేజీ కొంచెం తగ్గినా వెలుగు బాగా పడిపోతుంది. మీ లెక్కన మూడో వంతుకు పైగా వెలుగు దారిలోనే పోతోంది. కొత్త లైట్ల అసలు వెలుగు మీరింకా చూడనేలేదు.

మందు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆర్పే స్విచ్ పెట్టె. లోపలి కాయిల్‌కి (తీగచుట్టకి) కరెంటు ఇస్తే కాంటాక్టులు కలుస్తాయి. దాని కాళ్ల మీద అంకెలుంటాయి: 85, 86 కాయిల్‌వి, 30, 87 అసలు కరెంటువి. స్విచ్ మార్చక్కర్లేదు, డాష్‌బోర్డు విప్పక్కర్లేదు. నలుగురూ పొరబడేది ఇక్కడే, స్విచ్ వెనక వైర్లు కోయడం మొదలుపెడతారు. స్విచ్ నొక్కితే కరెంటు వచ్చే చోటు మీకు బంపర్ దగ్గరే దొరికింది కదా, పాత ల్యాంపు వైర్లు! రెండిట్లో ఒక పక్కవి తీసుకోండి, రెండో పక్కవాటికి నీళ్లు దిగకుండా టేపు చుట్టేయండి. ఆ ప్లస్సు వైరుని రిలే 86కి, ఎర్త్ (మైనస్) వైరుని 85కి కలపండి. రిలే కాయిల్ లాగేది ఆంపియర్‌లో ఐదో వంతు కూడా ఉండదు. ఇక స్విచ్ మీద పడే బరువు అంతే. స్విచ్‌లోని చిన్న సూచిక లైటు కూడా ఎప్పటిలాగే వెలుగుతుంది, ఎందుకంటే స్విచ్ వైపు మనం ఏమీ కదపలేదు.

అసలు కరెంటు వేరే దారిలో రావాలి. బ్యాటరీ ప్లస్సు నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు గుండా రిలే 30కి, రిలే 87 నుంచి లైట్లకి. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజుకి ముందున్న వైరు ముక్క ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే దాన్ని ఆపే నాథుడు లేడు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది, పూర్తి రాగిది తీసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం అంటగడతారు, కొంచెం గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే వద్దు.

రిలేని కాళ్లు కిందికి ఉండేలా బిగించండి. తలకిందులుగా పెడితే సాకెట్లో నీళ్లు నిలుస్తాయి.

ఇంకొకరు:
పై సలహా ఈయన బండికి సరిపోతుంది, 13.8 కదలకుండా నిలిచిందన్నారు కాబట్టి. చదువుతున్న మిగతావాళ్లు కళ్లు మూసుకుని చేసేయకండి. చాలా కొత్త బండ్లలో స్విచ్ గుండా లైటు కరెంటు వెళ్లదు. స్విచ్ ఒక సంకేతం ఇస్తుంది, బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లవంటివి నడిపే కంప్యూటర్ పెట్టె) లైటు వెలిగిస్తుంది. అలాంటి స్విచ్ వెనక మీటర్ పెడితే బ్యాటరీ కన్నా చాలా తక్కువ వోల్టులు కనిపించవచ్చు. ఆ వైరు జోలికి వెళ్లకండి.

ల్యాంపు దగ్గరైనా కొన్ని మాడ్యూళ్లు కరెంటుని తెగ్గొట్టి తెగ్గొట్టి పంపుతాయి. మీటర్‌లో బ్యాటరీ కన్నా బాగా తక్కువ కనిపిస్తే అనుమానించండి. అక్కడ రిలే పెడితే సీసాలో పడ్డ తుమ్మెదలా గీపెడుతుంది, కొన్నాళ్లకి కాంటాక్టులు మాడతాయి. నాకు జరిగింది కాబట్టే చెప్తున్నా. అలాంటి బండిలో డాష్‌బోర్డు మీద ఖాళీగా మూత పెట్టి ఉన్న చోట విడిగా స్విచ్ పెట్టుకోవడమే మేలు. డాష్‌బోర్డు విప్పాల్సి వస్తే పసుపు రంగు కనెక్టర్లు ముట్టుకోవద్దు, అవి ఎయిర్‌బ్యాగులవి.

అడిగినవారు:
అన్నా, మీరు చెప్పినట్టే అంతా కలిపాను. స్విచ్ నొక్కగానే 10 ఆంపియర్ల ఫ్యూజు ఠప్ మంది! కాయిల్ అంత తక్కువ లాగుతుందన్నారు కదా?

జవాబు:
రిలే పక్కన చిన్న బొమ్మ గీసి ఉంటుంది, చూడండి. 85, 86 మధ్య కాయిల్‌తో పాటు త్రికోణానికి గీత పెట్టినట్టున్న గుర్తు ఉందా? ఉంటే లోపల డయోడ్, అంటే కరెంటుని ఒక వైపే పోనిచ్చే భాగం, ఉన్నట్టే. అలాంటి రిలేకి ప్లస్సు 86కే రావాలి. తిప్పి కలిపితే డయోడ్ గుండా నేరుగా షార్ట్ అవుతుంది. ఏ వైరు ప్లస్సో మీటర్‌తో మళ్లీ చూసుకోండి.

అడిగినవారు:
నిజమే, డయోడ్ గుర్తుంది. ప్లస్సు అనుకున్న నల్లచార వైరు ఎర్త్ అని తేలింది. ఫ్యూజుతో పాటు డయోడ్ కూడా పోయినట్టుంది, అందుకే రిలే కొత్తది వేశాను. వెలిగాయి! ఎడమ లైటు దగ్గర 13.5 వస్తోంది, కుడివైపు 12.9. అలాగే, హై బీమ్ వేసినప్పుడే ఇవి వెలగాలంటే ఏం చేయాలి? ఎదురుగా బండి వచ్చినప్పుడు రెండు చోట్ల ఆపడం కుదరట్లేదు.

జవాబు:
కుడివైపు ఎర్త్ చూడండి. మీటర్ ఒక కాలు లైటు ఎర్త్ వైరు మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద పెట్టి, లైటు వెలుగుతుండగా కొలవండి. అర వోల్టు దాకా కనిపిస్తే, ఎర్త్ వైరుని బాడీకి బిగించిన బోల్టు కింద పెయింటు ఉన్నట్టే. గీకి, మెరిసే లోహం మీద బిగించి, పైన గ్రీజు రాయండి.

హై బీమ్‌తో ముడిపెట్టడం అడిగారు, మంచి పని చేశారు. దూరం కొట్టే లైట్లు ఎదుటివాడి కంట్లో పడితే మనకీ ప్రమాదమే. దీనికి రెండో రిలే కావాలి. హై బీమ్‌ని ఆర్పడానికి కొన్ని బండ్లు ప్లస్సు ఆపుతాయి, కొన్ని ఎర్త్ ఆపుతాయి. ఏదో ఊహించుకుని కలపొద్దు. రెండో రిలే కాయిల్‌ని హెడ్‌లైట్ బల్బు హై బీమ్ ఫిలమెంట్ రెండు కాళ్ల మధ్యే కలపండి, డయోడ్ ఉన్న రిలే అయితే ప్లస్సు ఏదో చూసుకుని. అప్పుడు ఏ పద్ధతి బండి అయినా, ఫిలమెంట్ వెలిగితేనే రిలే పనిచేస్తుంది. ఇప్పుడు 86కి వస్తున్న ఫాగ్ వైరుని అక్కడ విడదీసి రెండో రిలే 30కి ఇవ్వండి, దాని 87 నుంచి మొదటి రిలే 86కి తీసుకురండి. స్విచ్ ఆన్‌లో ఉండి, హై బీమ్ కూడా వేస్తేనే వెలుగుతాయి. డిమ్ కొట్టగానే వాటంతటవే ఆరిపోతాయి.

అడిగినవారు:
కుడివైపు బోల్టు కింద పెయింటే. గీకాక 13.4 వచ్చింది. రెండో రిలే కూడా పెట్టాను, డిమ్ చేస్తే ఆరిపోతున్నాయి. రాత్రి గంటసేపు నడిపి, ఆపాక స్విచ్ మీద బొటనవేలు ఆనించి చూశాను. చల్లగా ఉంది.