సుల్తాన్ బజార్‌లో తాతగారి ఇల్లు: కూల్చకుండా రీడింగ్ రూమ్ చేయొచ్చా?

ప్రశ్న:
డంగు సున్నంతో కట్టిన మందపాటి గోడలు, టేకు దూలాలు, మధ్యలో మండువా. అన్నయ్య బిల్డర్‌కి ఇచ్చేద్దాం అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. చుట్టుపక్కల హాస్టళ్లలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు కూర్చోవడానికి చోటు లేక మెట్ల మీద చదువుతున్నారు, వాళ్లకివ్వాలని ఉంది. ఒకటే టెన్షన్: నిరుడు తడి గోడకి సిమెంటు పూత వేయిస్తే ఈ వానలకి పెచ్చులుగా ఊడింది.

జవాబు 1:
ముందు ఆ సిమెంటు మొత్తం తీయించండమ్మా. సున్నపు గోడ తడిని పీల్చి బయటికి వదులుతుంది, సిమెంటు ఆ దారి మూసేస్తుంది. మళ్లీ సున్నమే పూయించాలి, ఆరడానికి టైమివ్వాలి. దూలాల కొసలు గోడలోకి దిగే చోట తట్టి చూడండి. బోలుగా మోగితే చెద పట్టి ఉండొచ్చు. పుస్తకాల బీరువాలు మేడ మీద వద్దు.

జవాబు 2:
పక్కనే కోఠీలో చూడండి. హైదరాబాద్‌లో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనంలోకి 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. నేను అక్కడే చదివాను. ఆ పెద్ద మెట్లెక్కేటప్పుడు ఈ భవనం మాదే అనిపించేది.

ప్రశ్న అడిగినవారు:
రేపే మేస్త్రీని పిలుస్తున్నాను. బల్లలు మండువా చుట్టూ వేస్తే పగలు లైటే అక్కర్లేదు. అన్నయ్యకి ఈ జవాబులు చూపిస్తాను.