రాలిన ఆకుల మీది చిన్న పుట్టగొడుగులను జాతులుగా విడదీయడం ఎలా?

ఉష్ణమండల అడవిలో వానలకు మొలిచే పుట్టగొడుగుల జాబితా తయారు చేస్తున్నాను. చెదపుట్టల మీద లేచే టెర్మిటోమైసిస్‌ను, నేలలోకి వేరులా దిగిన పొడవాటి కాడను బట్టి సులువుగానే గుర్తుపడుతున్నాను. చిక్కంతా రాలిన ఆకుల మీద, వెంట్రుకంత సన్నని నల్లని కాడలతో లేచే మరాస్మియస్‌లతోనే: ఎండకు ముడుచుకుపోయి, తడి తగలగానే మళ్లీ విచ్చుకునే వీటిలో కనిపించే తేడాలు వయసువో, జాతివో తేలడం లేదు. గొడుగును కాగితం మీద బోర్లించి సిద్ధబీజాల (విత్తనాల్లా పనిచేసే సన్నని పొడి, అంటే స్పోర్ల) ముద్ర తీస్తే అన్నిటికీ తెలుపే వస్తోంది, కాబట్టి రంగును బట్టి విడదీయలేకపోతున్నాను. (ఆకుపచ్చ ముద్ర వేసే విషపు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ విషయంలో మాత్రం ఈ పద్ధతికి తిరుగులేదు.) సూక్ష్మదర్శినిలో సిద్ధబీజాల కొలతలతో పాటు గొడుగు పైపొర కణాలను కూడా పరిశీలించాలా? తరువాత డీఎన్ఏ పరీక్షకు పనికివచ్చేలా నమూనాలను ఎలా ఎండబెట్టాలో, అవి తాజాగా ఉండగానే ఏయే లక్షణాలు రాసిపెట్టుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.