రెండు గ్రాఫిక్స్ కార్డుల పనితీరును నమ్మదగినట్లుగా కొలవడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా కంప్యూటరులో రెండు ఆర్‌టీఎక్స్ 2080 టీఐ కార్డులు ఎన్‌వీలింక్ బ్రిడ్జితో (కార్డుల మధ్య సమాచారం మోసే అనుసంధానంతో) కలిపి ఉన్నాయి. రెండో కార్డు వల్ల ఎంత ప్రయోజనం కలుగుతోందో అంకెల్లో తేల్చుకుందామని బెంచ్‌మార్కులు (పనితీరు కొలిచే పరీక్షలు) నడిపితే, ఒక ఫలితానికీ మరో ఫలితానికీ పొంతన కుదరడం లేదు. 3డీమార్క్ టైమ్ స్పై అనే పరీక్షలో గ్రాఫిక్స్ స్కోరు గణనీయంగా పెరిగింది. డైరెక్ట్‌ఎక్స్ 11 (ఆటలు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే పాత ఇంటర్‌ఫేస్) కాలపు ఆట ఒకదానిలో సగటు ఫ్రేమ్‌రేటు బాగానే పెరిగినా, కెమెరాను నెమ్మదిగా పక్కకు తిప్పినప్పుడు కదలికలో సన్నటి అదురు కనబడుతోంది. అదే ఆట ఒక్క కార్డుతో తక్కువ ఫ్రేమ్‌రేటు చూపిస్తూ కూడా కంటికి హాయిగా ఉంది. ఈ మధ్య వచ్చిన ఆటల్లో రెండో కార్డు అసలు పని చేస్తున్నట్లే లేదు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేరులో మాత్రం ఒక దృశ్యాన్ని రెండర్ చేయడానికి పట్టే సమయం దాదాపు సగానికి తగ్గింది.

ఇన్ని రకాల జవాబులు వస్తుంటే దేన్ని నమ్మాలి? రెండు కార్డులు కలిసి చేసే పనిని సరిగ్గా కొలవాలంటే ఏయే కొలతలు తీసుకోవాలి, పరీక్షను ఎలా అమర్చుకోవాలి? అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1

మీకు వచ్చిన ఫలితాలన్నీ నిజమైనవేనని నా అభిప్రాయం. ఒక్కో ప్రోగ్రాము రెండు కార్డుల మధ్య పనిని ఒక్కో విధంగా పంచుతుంది కాబట్టి, వాటన్నిటినీ కలిపి "రెండో కార్డు ఇంత శాతం లాభం" అని ఒకే అంకె చెప్పడం కుదరదు. ముందుగా ఆ అదురు సంగతి చూద్దాం. రెండు కార్డుల బెంచ్‌మార్కింగ్‌లో అసలు చిక్కంతా అక్కడే ఉంది.

రెండు కార్డులతో ఒకే ఆటను నడిపే ఎన్‌విడియా ఎస్‌ఎల్‌ఐ గానీ, ఏఎండీ క్రాస్‌ఫైర్ గానీ చాలా ఆటల్లో ఒక ఫ్రేమును ఒక కార్డుకు, దాని తర్వాతి ఫ్రేమును రెండో కార్డుకు అప్పగిస్తాయి. దీన్ని ఆల్టర్నేట్ ఫ్రేమ్ రెండరింగ్ అనీ, క్లుప్తంగా ఏఎఫ్ఆర్ అనీ అంటారు. దీనివల్ల సెకనులో తయారయ్యే ఫ్రేముల సంఖ్య పెరుగుతుంది గానీ, అవి సమాన వ్యవధిలో తెర మీదికి వస్తాయన్న హామీ ఏమీ లేదు. ఉదాహరణకు వరుస ఫ్రేముల మధ్య వ్యవధి 6, 27, 6, 27 మిల్లీసెకన్లుగా సాగుతోందనుకోండి. సగటు 16.5 మిల్లీసెకన్లు కాబట్టి బెంచ్‌మార్కు సెకనుకు 60 ఫ్రేములని సగర్వంగా చూపిస్తుంది. తెర మీద మాత్రం ఫ్రేములు జంటలు జంటలుగా వస్తాయి. 33 మిల్లీసెకన్లకు ఒకసారి దృశ్యం ముందుకు జరిగినట్లు కంటికి తోస్తుంది. మీరు చూసిన అదురు ఇదేనని, దీన్నే మైక్రోస్టటర్ అంటారని నేను దాదాపు నిశ్చయంగా చెప్పగలను.

ఇందులో కొలిచే పరికరం పాత్ర కూడా ఉంది. ఫ్రాప్స్ వంటి పాత సాధనాలు ఆట ఒక ఫ్రేమును పైకి అప్పగించిన క్షణాన్ని లెక్కిస్తాయే తప్ప, ఆ ఫ్రేము తెర మీద ఎప్పుడు కనబడిందో, ఎంత భాగం కనబడిందో వాటికి తెలియదు. 2013లో ఎన్‌విడియా బయటపెట్టిన ఎఫ్‌క్యాట్ పద్ధతి ఈ లోపాన్ని సరిదిద్దింది. అందులో ప్రతి ఫ్రేముకూ ఎడమ అంచున ఒక్కో రంగు పట్టీ వేస్తారు. కార్డు నుంచి మానిటరుకు వెళ్లే సిగ్నలును మరో కంప్యూటరులో రికార్డు చేసి, ఏ రంగు ఎన్ని గీతల (తెర మీది అడ్డు వరుసల) మేర కనబడిందో లెక్కగడతారు. అలా చూసినప్పుడు అప్పటి క్రాస్‌ఫైర్ వ్యవస్థల్లో కొన్ని ఫ్రేములు తెర మీద నాలుగైదు గీతల మందం కూడా లేవని, అయినా సగటులో ఒక్కొక్కటీ పూర్తి ఫ్రేముగా చేరిపోతోందని తేలింది. అదే సంవత్సరం ఆగస్టులో ఏఎండీ ఫ్రేముల మధ్య వ్యవధిని సర్దే డ్రైవరును విడుదల చేయవలసి వచ్చింది. కొలత మారితే తయారీదారు పనితీరే మారుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు.

కాబట్టి మీరు సగటును పక్కన పెట్టి, ప్రతి ఫ్రేముకూ పట్టిన సమయాన్ని నమోదు చేసే ప్రెజెంట్‌మాన్ గానీ, దాని మీద ఆధారపడిన క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ గానీ వాడండి. వచ్చిన ఫైలులో ఫ్రేములు తెర మీద మారిన వ్యవధులను చూపే నిలువు వరుసను గ్రాఫుగా గీయండి. మెల్లగా ఎగుడుదిగుడు అయ్యే గీత వస్తే సరే. రంపపు పళ్లలా ఒకటి పైకి, ఒకటి కిందికి పోతుంటే రెండు కార్డుల మధ్య పొందిక లేదని అర్థం. పక్కపక్క ఫ్రేముల సమయాల మధ్య తేడాలను, ప్లస్, మైనస్ గుర్తు పట్టించుకోకుండా సగటు తీస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది: పైన చెప్పిన ఉదాహరణలో ఆ తేడా 21 మిల్లీసెకన్లు. ఒక్క కార్డుతో నిలకడగా నడిచే ఆటలో అది ఒకటి రెండు మిల్లీసెకన్లకు మించకూడదు.

ప్రశ్న అడిగినవారు

మీ వివరణకు కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే ఆ పాత ఆటలో నమోదు చేసి చూశాను. ఫైలులో చిన్న అంకె, పెద్ద అంకె, మళ్లీ చిన్న అంకె, పెద్ద అంకె, ఇలా చివరిదాకా అదే వరుస. ఫ్రేమ్‌రేటుకు ఒక పరిమితి విధించి మళ్లీ నడిపితే రంపపు పళ్లు చాలావరకు సర్దుకున్నాయి, కదలిక కూడా మెరుగుపడింది, కానీ సగటులో పెరుగుదల సగం హరించుకుపోయింది.

ఇంకొక సందేహం. కొత్త ఆటల్లో రెండో కార్డు ఖాళీగా ఉండటానికి కారణం నా అమరికలో ఉందా? రెండు కార్డులకూ కలిపి 22 జీబీ మెమరీ ఉన్నట్లు లెక్క వేసుకోవచ్చా?

సమాధానం 2

అమరికలో తప్పేమీ లేదండి. ఏఎఫ్ఆర్ పని చేయాలంటే ఒక ఫ్రేము మరో ఫ్రేము మీద ఆధారపడకూడదు. నేటి ఆటల్లో అంచులను నునుపు చేసే టీఏఏ వంటి పద్ధతులు గడచిన ఫ్రేముల సమాచారాన్ని వాడుకుంటాయి. అంటే రెండో కార్డు పని మొదలుపెట్టాలంటే మొదటి కార్డు తయారుచేసిన ఫ్రేము దానికి అందాలి, ఆ ఎదురుచూపులోనే లాభమంతా కరిగిపోతుంది. పైగా డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ అనే కొత్త ఇంటర్‌ఫేస్‌లలో పని పంపకం బాధ్యత డ్రైవరు నుంచి ఆట రాసేవారి చేతికి మారింది. టైమ్ స్పై రచయితలు ఆ పని చేశారు కాబట్టి అక్కడ మీ స్కోరు పెరిగింది. చాలా ఆటల రచయితలు చేయలేదు. 2021 జనవరి 1 నుంచి కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు (ఏ ఆటలో పనిని ఎలా పంచాలో డ్రైవరుకు చెప్పే అమరికలు) చేర్చడం ఎన్‌విడియా ఆపేసింది. అందుకే టైమ్ స్పై స్కోరును చూసి ఆటల్లో ఏం జరుగుతుందో ఊహించడం తగదని నేను గట్టిగా చెబుతాను.

ఈ సందర్భంలో గుర్తుకు వచ్చే విషయం ఒకటుంది. 1998లో 3డీఎఫ్ఎక్స్ వారి వూడూ2 కార్డులు రెంటిని జత చేసినప్పుడు, ఒకే ఫ్రేములోని గీతలను ఒకటి విడిచి ఒకటి చొప్పున పంచుకునేవి. ఫ్రేము ఒకటే కాబట్టి వ్యవధుల తగాదా అక్కడ పుట్టే అవకాశమే లేదు.

మెమరీ విషయంలో 22 జీబీ అనుకోవద్దు. ఏఎఫ్ఆర్‌లో ప్రతి కార్డూ పూర్తి ఫ్రేమును గీస్తుంది కాబట్టి దృశ్యానికి కావలసిన టెక్స్‌చర్లన్నీ రెండింటిలోనూ ఉండాలి. మీకు మిగిలేది 11 జీబీయే. రెండరింగ్‌లో కూడా మామూలుగా దృశ్యం ప్రతి కార్డులోనూ పూర్తిగా పట్టాలి. సాఫ్ట్‌వేరు ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప ఎన్‌వీలింక్ ద్వారా ఒక కార్డు మరో కార్డు మెమరీని అందుకోదు. ఆ బ్రిడ్జి రెండు దిశల్లో కలిపి సెకనుకు 100 జీబీ మోస్తుంది. ఆ కార్డు సొంత మెమరీ వేగం సెకనుకు 616 జీబీ. ఈ తేడా చూస్తే అందుకున్నా సొంత మెమరీతో సమానం కాదని తెలుస్తుంది.

బ్లెండర్‌లో సమయం సగానికి రావడానికి కారణం సులువైనదే: చిత్రంలోని ముక్కలకు ఒకదానితో ఒకటి సంబంధం ఉండదు, కార్డులు మధ్యలో మాట్లాడుకోనక్కరలేదు. అక్కడ కొలవవలసింది మొత్తం పట్టిన సమయం ఒక్కటే. అయితే చిన్న దృశ్యం ఎంచుకోకండి. ఫైలును చదివి కార్డులకు పంపే సమయం రెండో కార్డుతో తగ్గదు కాబట్టి, దృశ్యం చిన్నదైతే లాభం తక్కువగా కనబడుతుంది.

సమాధానం 3

పై ఇద్దరు మిత్రులు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. పరీక్ష అమరిక గురించి మాత్రం కొంత చేర్చాలి, ఎందుకంటే "ఒక్క కార్డు" అని మనం పోల్చే అంకె దగ్గరే చాలామంది పొరపడతారు.

ఎస్‌ఎల్‌ఐని డ్రైవరులో ఆపేసి తీసిన ఫలితం ఒక్క కార్డు ఫలితం కాదు. రెండో కార్డు స్లాటులో ఉన్నంతసేపు సాధారణ మదర్‌బోర్డులు పై స్లాటుకు ఇచ్చే పదహారు లేన్లను (సమాచారం వెళ్లే దారులను) ఎనిమిదికి తగ్గిస్తాయి. కార్డును మదర్‌బోర్డుకు కలిపే పీసీఐఈ 3.0లో అది సెకనుకు సుమారు 16 జీబీ నుంచి 8 జీబీకి పడిపోవడం. దానికి తోడు కింది కార్డు పై కార్డుకు గాలి అడ్డుతుంది. కాబట్టి కింది కార్డును పూర్తిగా తీసేసి ఒకసారి, పెట్టి ఎస్‌ఎల్‌ఐ ఆపి ఒకసారి, ఎస్‌ఎల్‌ఐతో ఒకసారి కొలవండి. మొదటి రెండింటి మధ్య తేడా ఉంటే అది రెండో కార్డు పక్కన ఉండటం వల్ల మీరు చెల్లిస్తున్న మూల్యం.

ఈ తరం కార్డులు వేడిని బట్టి తమ క్లాకు వేగాన్ని తగ్గించుకుంటాయి. చల్లగా ఉన్నప్పుడు తీసిన మొదటి నిమిషం ఫలితం మీద ఆధారపడవద్దు. క్లాకు, ఉష్ణోగ్రత రెండూ నిలకడకు వచ్చేదాకా ఆటను నడిపి, ఆ తర్వాతే నమోదు మొదలుపెట్టండి. ఏఎఫ్ఆర్‌లో వేడెక్కి నెమ్మదించిన పై కార్డు రెండో కార్డును కూడా వెనక్కి లాగుతుంది కనుక, రెండు కార్డుల క్లాకులనూ విడివిడిగా చూడాలి. ఆట తొలిసారి తెరిచినప్పుడు షేడర్లు (కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ కావడం వల్ల వచ్చే కుదుపులను కూడా ఇలాగే మినహాయించాలి.

ఇక ప్రాసెసరు. 1080పీ వంటి తక్కువ రిజల్యూషన్‌లో ఒక్క కార్డే ప్రాసెసరు కోసం ఎదురుచూస్తూ ఉంటే, రెండో కార్డు ఎంత మంచిదైనా ఫ్రేమ్‌రేటు పెరగదు. ఒక్క కార్డుతో నడిపినప్పుడు దాని వినియోగం 97 శాతానికి పైన నిలకడగా ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే రిజల్యూషన్ పెంచండి. ఫ్రేములను మానిటరు వేగానికి కట్టిపడేసే వీసింక్ తప్పనిసరిగా ఆపాలి.

ఫలితాలను కలిపేటప్పుడు ఫ్రేమ్‌రేట్ల సగటు తీయకండి. సగం ఫ్రేములు 10 మిల్లీసెకన్లలో, సగం 30 మిల్లీసెకన్లలో వస్తే నిజమైన రేటు సెకనుకు 50. 100నూ 33నూ కలిపి సగం చేస్తే 67 దగ్గర తేలుతుంది. మిల్లీసెకన్ల సగటు తీసి, చివర్లో ఒకేసారి ఫ్రేమ్‌రేటుగా మార్చుకోండి. ప్రతి పరీక్షనూ కనీసం మూడుసార్లు నడిపి మధ్యస్థ విలువను తీసుకోండి. మీరు ఇప్పటికే చూసిన ఫ్రేమ్ పరిమితి ఫలితాన్ని కూడా వదిలేయకుండా పట్టికలో ఒక వరుసగా చేర్చండి. నా దృష్టిలో ఆ ఆటకు మీ రెండు కార్డుల అసలు ఫలితం అదే.