మనాలి నుంచి లేహ్‌కి 350 సీసీ మీద, ఇద్దరం: సర్చూలో ఆగొచ్చా?

కొండదారి:
జూలై మొదటి వారంలో మనాలి నుంచి లేహ్ వెళ్దామనుకుంటున్నాం. బండి 350 సీసీ, ఫ్యూయల్ ఇంజెక్షన్, ట్యాంకు 13 లీటర్లు, స్పోక్ వీల్స్. వెనక మా ఆవిడ, రెండు సైడ్ బ్యాగులు. మొదటి రాత్రి సర్చూ టెంట్లలో పడుకుని మర్నాడు లేహ్ చేరాలని ప్లాన్. ఇది కుదురుతుందా? పెట్రోలు ఎంత మోయాలి? నాలాలు (రోడ్డుకి అడ్డంగా పారే వాగులు), స్పేర్ల సంగతి కూడా చెప్పండి.

పాస్_రైడర్:
ముందు ఆ సర్చూ మజిలీ తీసేయండి. మనాలి సుమారు 2,050 మీటర్లు, సర్చూ 4,290. ఒక్కరోజులో అంత ఎక్కి అక్కడే పడుకుంటే తలనొప్పి, వాంతులు పట్టుకోవడానికి ఎక్కువ సేపు పట్టదు. దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఎత్తు పడక మనిషికి సీరియస్ అయితే వెంటనే కిందికి దింపాలి. సర్చూ నుంచి నేరుగా కిందికి దారే లేదు. వెనక్కి తిరిగితే దాదాపు 4,900 మీటర్ల బారాలాచా కనుమ ఎక్కాలి. ముందుకెళ్తే గాటా లూప్స్ 21 మలుపులు, నకీ లా (లా అంటే కనుమ), ఆపైన 5,000 దాటిన లాచులుంగ్ లా. అర్ధరాత్రి ఊపిరాడని మనిషిని ఎటు తీసుకెళ్లినా ఇంకా పైకే తీసుకెళ్లాలి. పాంగ్ (4,600) పరిస్థితీ ఇంతే, కాకపోతే అక్కడ ఆర్మీ క్యాంపు ఉంది.

జిస్పా (3,200)లో రెండు రాత్రులు ఉండండి. మధ్య రోజు బండి మీద కాస్త పైకెళ్లి, మళ్లీ కిందికొచ్చి పడుకోండి. మూడో రోజు ఉదయం 5 గంటలకల్లా బయల్దేరితే చీకటి పడేలోపు లేహ్ (3,500) చేరొచ్చు. అటల్ టన్నెల్ మీదుగా వెళ్తే రోహ్‌తాంగ్ కనుమ పర్మిట్ అక్కర్లేదు.

ఎత్తు పడనివ్వడానికి వాడే డయామాక్స్ మాత్ర 125 మి.గ్రా. ఉదయం, సాయంత్రం చొప్పున ముందు రోజు నుంచే మొదలుపెడతారు. డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు, సల్ఫా మందులు పడనివాళ్లు మరీ జాగ్రత్త. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ రావడం ఆ మందుతో మామూలే. తిన్నగా గీత మీద నడవలేకపోతున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా మాత్రం మాత్రలతో కాలయాపన చేయకుండా కిందికి దిగాల్సిందే.

నాలుగో_గేర్:
పెట్రోలు విషయం. జిస్పాకి ముందొచ్చే టాండీ బంకులో ట్యాంకు అంచుదాకా నింపండి. తర్వాతి బంకు 365 కి.మీ. అని అక్కడే బోర్డు ఉంటుంది. లేహ్‌కి కాస్త ముందు కారూలో బంకు ఉంది గానీ అంతవరకు మధ్యలో దొరుకుతుందని నమ్ముకోవద్దు. మైదానంలో 35 ఇచ్చే బండి, ఇద్దరు మనుషులు, లగేజీ, మొదటి రెండు గేర్ల ఎక్కుడుతో 25కి పడిపోవచ్చు. 13 లీటర్లకు 325 కి.మీ., అంటే బోర్డు చెప్పే 365కి చాలదు. 5 లీటర్ల మెటల్ క్యాన్ పట్టుకెళ్లండి. పైదాకా నింపొద్దు, పైకెళ్లేకొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. మూత మెల్లగా తిప్పి ముందు గాలి వదలనివ్వండి.

తంగ్లాంగ్ లా (5,328) దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టంలో 60 శాతం కూడా ఉండదు. 20 హార్స్‌పవర్ ఇంజన్ 12 దాకానే ఇస్తుంది. బండి పాడైందని కంగారుపడొద్దు. ఇంజెక్షన్ పెట్రోలు తగ్గిస్తుంది గానీ లేని గాలిని తేలేదు. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, పవర్ చాలట్లేదని హాఫ్ క్లచ్ మీద (లీవర్ సగం పట్టి ఉంచి) లాగిస్తారు, ప్లేట్లు కాలిపోతాయి. కాలిన వాసన వస్తే ఆగి పావుగంట చల్లారనివ్వండి. మొదటి గేర్‌లో క్లచ్ పూర్తిగా వదిలి ఎక్కండి. బాగా నిట్టనిలువుగా ఉన్నచోట పిలియన్‌ని (వెనక కూర్చున్నవాళ్లని) దించేయడమే మేలు.

కొండదారి:
థ్యాంక్సండి, జిస్పాలో రెండు రాత్రులు ఖాయం. ఒకటే అనుమానం. పిలియన్‌తో ఒక్కరోజులో 300 పైచిలుకు కిలోమీటర్లు మరీ ఎక్కువ కాదా?

స్పోక్_వీల్:
ఎక్కువే. ఈ విషయంలో పైన చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవించను. మధ్యాహ్నం రెండు దాటినా సర్చూ దాటకపోతే తంగ్లాంగ్ లా మీద చీకటి పడుతుంది, అలసిన చేతులతో రాత్రి దిగడం కూడా ప్రమాదమే. అప్పుడు సర్చూలో ఆగండి. జిస్పాలో రెండు రాత్రులు గడిపాక ఆగడం, మనాలి నుంచి నేరుగా వచ్చి ఆగడం ఒకటి కాదు. అయితే జిస్పాలోనే తలనొప్పి తగ్గకపోతే అసలు కదలొద్దు.

నాలాలు తెల్లవారి తక్కువగా ఉంటాయి. ఎండెక్కి మంచు కరిగాక మధ్యాహ్నానికి పొంగుతాయి. జింగ్‌జింగ్‌బార్, బారాలాచా మధ్యవి పొద్దున్నే దాటేయాలి. పిలియన్ నడిచి దాటేచోటు ఉంటే దించండి. మొదటి గేర్, నిలకడగా థ్రాటిల్, చూపు అవతలి ఒడ్డు మీద. మధ్యలో క్లచ్ పట్టొద్దు. లోతు నీళ్లలో బండి ఆగిపోతే సెల్ఫ్ నొక్కకండి. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బయటికి తోసి, ఎయిర్ ఫిల్టర్ బాక్స్ తెరిచి చూడండి. తడిగా ఉంటే స్పార్క్ ప్లగ్ విప్పి ఇంజన్ తిప్పితే నీళ్లు బయటికొస్తాయి. ఒడ్డెక్కాక బ్రేకులు తేలిగ్గా నొక్కుతూ ఆరబెట్టండి.

స్పోక్ వీల్ కాబట్టి ముందు, వెనక ట్యూబులు ఒక్కోటి, టైర్ లీవర్లు, ఫుట్ పంపు, యాక్సిల్ నట్‌కి సరిపోయే స్పానర్ తప్పనిసరి. క్లచ్ కేబుల్ కొత్తది పాతదాని పక్కనే ట్యాగ్‌లతో కట్టేస్తే తెగినప్పుడు రెండు కొసలూ మార్చుకోవడమే. క్లచ్, బ్రేక్ లీవర్లు, ఒక ప్లగ్, ఫ్యూజులు, చైన్ లింక్. టైర్లో గాలి పైన గేజికి మనాలిలో కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది, బయట వాతావరణ పీడనం తగ్గడం వల్ల. అది చూసి గాలి తీసేయొద్దు. పిలియన్ బరువుతో గాలి తక్కువైతే రాయి తగిలినప్పుడు ట్యూబ్ రిమ్‌కి నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

బయటి ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, ఇద్దరిలో ఒకరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉంచుకోండి.