నల్లరేగడిలో షెడ్డు స్తంభం పైకి లేచింది, ఏం చేయాలి?

అన్నలూ, అక్కలూ, కాస్త సలహా చెప్పండి. గుంటూరు దగ్గర మా పెరట్లో పారలు, నీళ్ల పైపు, ఎరువు బస్తాలు పెట్టుకోవడానికి 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పుతో రేకుల షెడ్డు వేస్తున్నా. మేస్త్రీని పెట్టలేదు, వెల్డింగ్ కూడా వీడియోలు చూసి నేర్చుకుని నేనే చేశా.

మాది నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది, వాన పడితే ఉబ్బుతుంది, ఆ సంగతి తెలిసే నాలుగు ఇనుప స్తంభాలకీ 2 అడుగుల గోతులు తీసి కాంక్రీటు పోశా. అయినా మొన్నటి వానలకి, ఇంటి చూరు నీళ్లు పడే మూలలో ఉన్న స్తంభం అంగుళం దాకా లేచి తలుపు ఫ్రేము వంకరపోయింది. రేకులు ఇంకా బిగించలేదు, అదొక్కటే నయం.

ఆ ఒక్క గొయ్యే నెర్రెలు ఆగేదాకా లోతుగా తవ్వి మళ్లీ పోస్తే సరిపోతుందా, లేక అన్నీ పీకేసి పైన ఉన్న నల్లమట్టి ఎత్తేసి గ్రావెల్ నింపి దిమ్మిస కొట్టాలా? నాకైతే గ్రావెలే మేలనిపిస్తోంది గానీ, అందులో నీళ్లు నిలిచి అడుగు మట్టి ఇంకా ఉబ్బుతుందేమోనని టెన్షన్. రేగడిలో కట్టి రెండు మూడు వానాకాలాలు చూసినవాళ్లు ఎంత లోతు తీశారో, చూరు నీళ్లు ఎటు మళ్లించారో చెప్పండి, ప్లీజ్.