సబ్సిడీ లోన్లు అందరికీ సమానంగా అందుతున్నాయో లేదో ఎలా తేల్చాలి? కాగితం మీద మాత్రం బ్రహ్మాండంగా ఉంది

మన్యం పిల్ల అడిగిన ప్రశ్న:

నమస్తే అండి. మాది పార్వతీపురం మన్యం జిల్లా. ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డు పని చేస్తాను. పీఎంఈజీపీ (కొత్త యూనిట్లకి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం), పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార యూనిట్లకి అలాంటిదే ఇంకో పథకం) కింద జీడిపప్పు, చింతపండు, పసుపు యూనిట్లు పెట్టుకునేవాళ్లకి అప్లికేషన్ నుంచి లోను చేతికొచ్చేదాకా మా వాళ్లు తోడుంటారు. మాకు డబ్బులిచ్చేవాళ్లు ఇప్పుడు "మీ సాయం ఆడవాళ్లకీ, గిరిజనులకీ, వికలాంగులకీ సరిగ్గా అందుతోందా? రిపోర్టు రాసివ్వండి" అన్నారు. ఆ పని నా నెత్తిన పడింది.

ఎక్సెల్ షీటు తెరిస్తే కళ్లు చెదిరేలా ఉంది. సగానికి పైగా ఆడ పేర్లే. ఎస్టీ కాలమ్ నిండుగా ఉంది. మా సారైతే "ఇంకేం, రెండు చార్టులు గీసి పంపించెయ్" అన్నారు. నాకే మింగుడు పడటం లేదు. ఆడవాళ్ల పేర్ల పక్కనున్న నంబర్లకి ఫోన్ చేస్తే ఎత్తేది మగవాళ్లు. "యూనిట్ గురించేనా, నాతో చెప్పండి, ఆవిడకేం తెలీదు" అంటారు. ఒకే నంబరు ఇద్దరు ముగ్గురి పేర్ల పక్కన కనిపిస్తే ఆరా తీశాను. అది మిషన్లమ్మే ఏజెంటుది!

ఇంకోటి. ఎస్టీలు ఉన్నారు గానీ అందరూ బస్సు ఆగే ఊళ్లవాళ్లే. గుమ్మలక్ష్మీపురం పైన కొండ ఊళ్ల సవర గిరిజనులు ఒక్కరూ లేరు. వికలాంగుల కాలమ్ దాదాపు ఖాళీ. అదేంటని అడిగితే "వాళ్లెవరూ మన ఆఫీసుకి రాలేదు" అన్నారు. మా ఆఫీసు మేడ మీద. లిఫ్టు లేదు.

ఎవర్ని ఏం అడగాలి, ఏ కాగితాలు చూడాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ బ్యాంకు మేనేజర్, అనకాపల్లి:

అమ్మా, లోను వచ్చినవాళ్ల లిస్టు చూస్తే ఏమీ తెలీదు. రానివాళ్ల లిస్టు అడుగు. మొదట వచ్చి అడిగింది ఎవరు, అప్లికేషన్ పెట్టింది ఎవరు, బ్యాంకుకి వెళ్లింది ఎవరిది, శాంక్షన్ అయింది ఎవరికి, శాంక్షనయ్యాక కూడా డబ్బు విడుదల కానిది ఎవరికి? ఒక్కో మెట్టు దగ్గర ఎవరు రాలిపోతున్నారో చూడు.

ఆడ పేర్ల సంగతి. పీఎంఈజీపీలో పల్లెల్లో జనరల్ వాళ్లకి సబ్సిడీ 25 శాతం, సొంత వాటా 10 శాతం. మహిళలకి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకి, వికలాంగులకి సబ్సిడీ 35, వాటా 5. అంటే ఓసీ ఇంట్లో 10 లక్షల యూనిట్‌కి మొగుడి పేరు బదులు భార్య పేరు రాస్తే సబ్సిడీ లక్ష ఎక్కువ, చేతి డబ్బు 50 వేలు తక్కువ. ఈ లెక్క ఏజెంట్లకి కంఠతా వచ్చు. మీ దగ్గర మాత్రం ఎక్కువమంది ఎస్టీలు, బీసీలు కదా, మగవాళ్లకీ అదే 35. అయినా భార్య పేరే పెట్టారంటే ఆయన సిబిల్ (పాత అప్పులు కట్టిన రికార్డు) పోయిందేమో ఆరా తియ్యి.

అలాగని ఆయన ఫోన్ ఎత్తగానే బినామీ అనెయ్యకు. ఆవిడ బట్టీ దగ్గర ఉంటే సరుకు పట్టుకుని పలాస వెళ్లేది ఆయనే కావచ్చు. ఆవిడనే విడిగా అడుగు: ముడి గింజలు బస్తా ఎంతకు కొన్నారు? పోయిన నెల కరెంటు బిల్లు ఎంత? చెక్కు మీద సంతకం ఎవరిది? నడిపేవాళ్లు తడుముకోరు.

ఇంకొక్క మాట. పేర్లలో సగం ఆడవాళ్లవి సరే, రూపాయల్లో సగమా? తయారీ యూనిట్ 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. బడి మొహం చూడని ఆవిడకి యూనిట్ చిన్నదిగానే ఆగిపోతుంది. సగటు లోను ఆడవాళ్లకెంత, మగవాళ్లకెంత అన్నది వేరుగా తీసి చూపించు.

కారం మిల్లు, సూర్యాపేట:

చెల్లె, మీ ఆఫీసు మేడ మీదున్నదని రాసినవు చూడు, నీ రిపోర్టు ఆడ్నే మొదలువెట్టు.

నాకు రెండు కాళ్లకు పోలియో. పిండిగిర్ని, కారం మిల్లు నడిపిస్త. లోన్ కోసం బ్యాంకుకు పోతే ముంగట అన్నీ మెట్లే. మేనేజర్ సారు మంచోడే, బయటికొచ్చి ఆటో దగ్గర్నే సంతకాలు తీసుకున్నడు. చూసినోళ్లందరు ఆయన్ని మెచ్చుకున్నరు. నేను లోపల కుర్చీల కూసోని వడ్డీ ఎంత, కిస్తు ఎప్పటిసంది, సబ్సిడీ మూడేండ్లు మీ దగ్గర్నే డిపాజిట్ల ఎందుకుంటది అని అడగాలె గద! రోడ్డు మీద, ఆటో అన్న మీటరు చూసుకుంట ఉంటే ఏమడుగుత? ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం చేసి ఇంటికొచ్చిన. మీ లెక్కల నేను "వికలాంగ మహిళ, లోన్ అందింది" అని మంచిగ కనవడత.

లోనోళ్లకు ఇచ్చే ట్రైనింగ్ గట్లనే. పోకపోతే సబ్సిడీ రాదంటరు. అక్కడ బాత్రూం తలుపు ఇరుకు, చక్రాల కుర్చీ పట్టది. పొద్దటిసంది నీళ్లు తాగకుండ కూసున్న. నువ్వు ట్రైనింగ్ సెంటర్‌కు పోయినప్పుడు టేపు పట్టుకొని పో. తలుపు 90 సెంటీమీటర్లన్న ఉండాలె. ర్యాంపు ఉన్నదని వాళ్లు చెప్తే నమ్మకు, కొలువు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడుగు ఉండాలె. చానా కాడ కట్టేటియి బండ్లు ఎక్కించనీకె.

ప్రాజెక్టు రిపోర్టు (లోన్ కోసం బ్యాంకుకు ఇచ్చే యూనిట్ ఖర్చుల లెక్క) గురించి ఎవ్వరు చెప్పరు, నేను చెప్త. గిర్ని మీద గింజలు పోసే డబ్బ నా తలకాయకన్న ఎత్తుల ఉంటది. కూసోని పోయాలంటే పక్కన అరుగు, దానికి ర్యాంపు కట్టాలె. రిపోర్టు రాసే ఆయన "అది మిషన్ కాదమ్మా, కొటేషన్ల రాదు" అన్నడు. చిట్టి ఎత్తి కట్టించుకున్న. అందరికి ఒక్కటే రిపోర్టు నమూనా ఇస్తే అది సమానమని అనుకుంటరు. మా అసుంటోళ్లకు యూనిట్ ఖర్చే వేరు. మీ ఫైళ్లల్ల గసుంటి ఖర్చు ఒక్కదాంట్లన్న రాసిన్రేమో చూడు.

"పింఛిని వస్తది గద, నీకు లోన్ దేనికి" అన్నోళ్లున్నరు. 2016 వికలాంగుల హక్కుల చట్టంల 13వ సెక్షన్ మాకు బ్యాంకు లోన్ హక్కు అని చెప్తది. 37వ సెక్షన్ల పేదరికం పోగొట్టే స్కీములల్ల, అభివృద్ధి స్కీములల్ల 5 శాతం మాకు, అండ్ల ఆడోళ్లకు ముందుగాల అని ఉన్నది. మీ షీటుల 5 శాతం ఉన్నదా? "ఎవరూ రాలేదు" అంటే ఒప్పుకోకు. మీ కాడ సచివాలయంల పింఛిన్ల లిస్టు ఉంటది గద. అది పట్టుకొని పది ఇండ్లకు పో. ఈ స్కీము పేరు విన్నరా అని అడుగు, అంతే.

జిల్లా రిసోర్స్ పర్సన్ (జిల్లా పేరు వద్దులెండి):

కొండ ఊళ్ల గురించి నిజం చెప్తాను. పీఎంఎఫ్‌ఎంఈలో అప్లికేషన్ పెట్టేవాళ్లకి తోడుండి ఫైలు నడిపించే మాకు జీతం లేదు. శాంక్షనైన ఫైలుకి 20 వేలు. అది కూడా సగం శాంక్షన్ అయ్యాక, మిగతా సగం యూనిట్ నడిచి రిజిస్ట్రేషన్లన్నీ పూర్తయ్యాక. పాన్ కార్డు, కొటేషన్, తెలుగు చదవడం ఉన్న రోడ్డు పక్క మనిషి ఫైలుకీ, కొండెక్కి సవర భాష తెలిసినవాణ్ణి వెంటబెట్టుకుని కుల ధ్రువీకరణ నుంచి మొదలుపెట్టాల్సిన ఫైలుకీ రేటు ఒకటే. పెట్రోలు నాది. నేనెటు పోతానో మీరే చెప్పండి. మీ సంస్థలో ఫీల్డువాళ్లకి టార్గెట్ ఎలా ఇస్తున్నారో కూడా రిపోర్టులో రాయండి. అది రాయకుండా గిరిజనులకి అవగాహన లేదని రాస్తే వాళ్లకి అన్యాయం చేసినట్టే.

మన్యం పిల్ల:

అందరికీ దండాలు. అక్కా, ఆటో దగ్గర సంతకం సంగతి మీ పేరు లేకుండా రిపోర్టులో పెట్టుకోవచ్చా? మా ఫీల్డువాళ్లకి కూడా ఫైళ్ల లెక్కే టార్గెట్, సారుకి చెప్తే మొహం మాడ్చుకున్నారు. మేనేజర్ గారూ, వచ్చి వెళ్లిపోయినవాళ్ల రిజిస్టరే మా దగ్గర లేదు. ఇప్పుడెలా?

కారం మిల్లు, సూర్యాపేట:

పెట్టుకో చెల్లె. మిల్లు పేరు రాసినా నాకు గిరాకే.

రిటైర్డ్ బ్యాంకు మేనేజర్, అనకాపల్లి:

రిజిస్టర్ రేపే మొదలుపెట్టు, ఒక నోట్‌బుక్కు చాలు. పాతవాళ్ల కోసం పీఎంఈజీపీ పోర్టల్లో బ్యాంకులు తిప్పి పంపిన ఫైళ్లు చూడు, పక్కనే కారణం రాసి ఉంటుంది. "దరఖాస్తుదారుకి ఆసక్తి లేదు" అని ఉన్నవాళ్లకి ముందుగా ఫోన్ చెయ్యి. నా సర్వీసులో ఆ మాట చాలా ఫైళ్ల మీద చూశాను. ఆ మనిషిని పిలిచి అడిగిన తర్వాతే రాసిన ఫైళ్లు మాత్రం తక్కువ.