విడివిడిగా క్విల్టింగ్ చేసిన ముక్కలు ఒకదానికొకటి కలవట్లేదు, ఏం చేయాలి?

గుంటూరు గోంగూర (శనివారం, రాత్రి 11:52)

సాయంత్రం ఏడింటి నుంచి ఇదే పని, ఇక నా వల్ల కాదు. పదిహేను ముక్కలు, ఒక్కోటీ పైన బట్ట, మధ్యన మెత్తటి పొర, కింద బట్ట కలిపి కుట్లు వేసి, విడివిడిగా క్విల్టింగ్ చేసేశాను. దేనికది చూస్తే ముచ్చటగానే ఉంది. ఇప్పుడు కలుపుదామని కూర్చుంటే ఏ రెండూ కలిసి చావవు. ఒక మూల సరిపోతే రెండో మూల దగ్గర అర అంగుళం తేడా. సరేలే అని లాగి కుడితే కలిపిన చోట గట్టు వేసినట్టు లేచింది. మిషన్ ఆ గట్టు ఎక్కలేక గుర్రుమని ఆగిపోతోంది. రెండు సూదులు విరిగాయి. వీడియోలో ఆవిడ నవ్వుతూ పది నిమిషాల్లో కలిపేసింది మరి.

ఇవి మా అమ్మ చీరలు. పారేసి కొత్తవి కత్తిరించడానికి లేదు. అమ్మాయి పై నెల మణిపాల్ హాస్టల్‌కి వెళ్తోంది, దాని సామానులో పెట్టాలని ఈ తంటా. ఎలా కలపాలో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

చీరాల చిన్నోడు (రాత్రి 12:04)

ఏ మిషన్? లోపల ఏం వేశారు? కుట్లు అంచు దాకా వెళ్ళాయా, ముందే ఆపారా? ఫోటో పెట్టండి.

గుంటూరు గోంగూర (రాత్రి 12:07)

మామూలు మిషనే అండి, ఇంట్లో జాకెట్లు కుట్టుకునేది. ఫోటో పొద్దున పెడతా, ఇప్పుడు దాని మొహం చూడబుద్ధి కావట్లేదు.

జయనగర్ తాతయ్య (ఆదివారం, ఉదయం 5:38)

అమ్మాయ్, అసలు సంగతి ఎవరూ అడగలేదు. కత్తిరించే ముందు బట్టలన్నీ తడిపి ఆరేశావా? మీ అమ్మగారి చీరలు ఎన్నో ఉతుకులు చూసి ఉంటాయి, వాటికి భయం లేదు. కానీ వెనక వేసిన బట్ట కొత్తదైతే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది, ముందు వైపంతా ముడతలు పడుతుంది. ఇక రంగు సంగతి. ఎరుపు, మెరూన్, నీలిమందు రంగు ఉంటే తెల్ల చేతిరుమాలు తడిపి, చీర మీద పరిచి, వేడి ఇస్త్రీ పెట్టి చూడాలి. రుమాలుకి రంగు అంటిందా, ఆ చీరని తెల్లదాని పక్కన పెట్టకూడదు. మా ఇంట్లో ఒకసారి ఎర్ర అంచు దిగి ఆరు దిండు గలీబులు గులాబీ రంగయ్యాయి. బకెట్ నీళ్ళలో గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి రాత్రంతా నానబెడితే రంగు నిలుస్తుంది. ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు.

చీరాల చిన్నోడు (ఉదయం 7:15)

ఉప్పు పనికొచ్చేది రంగు అద్దేటప్పుడు, తొట్టిలో. అద్దడం అయిపోయాక ఉప్పు వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. పైగా ఆవిడ అడిగింది అది కాదు.

జయనగర్ తాతయ్య (ఉదయం 7:21)

నలభై ఏళ్ళుగా వేస్తున్నాం బాబూ.

చీరాల చిన్నోడు (ఉదయం 7:22)

గలీబులు మరి గులాబీ ఎలా అయ్యాయండి.

కోలార్ కోడలు (ఉదయం 8:40)

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోవద్దు. క్విల్ట్ అని, మధ్యన వేసే పొరకి బ్యాటింగ్ అని, ముక్కల్ని కలిపే పట్టీకి సాషింగ్ అని ఇన్ని పేర్లెందుకు? ఇది బొంత. మా అత్తగారు నాలుగు పాత చీరలు, మామగారి రెండు పంచెలు ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ వరస కుట్లు వేసుకుంటూ మధ్యకి వచ్చేవారు. ముక్కలూ లేవు, కలపడమూ లేదు, సూదులు విరగడమూ లేదు. ఉత్తర కర్ణాటకలో కౌది అంటారు, అదీ ఇంతే. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ధీ ఆడవాళ్ళు చేసేవి చూడండి, పాతబట్ట ముక్కలతో ఎంత అందంగా ఉంటాయో.

సూదిలో దారం (ఉదయం 9:05)

కోలార్ వదినా, బొంత అంటే నాకూ ఇష్టమే. కానీ బొంతలో పొరలన్నీ బట్టలే. దీంట్లో మధ్యన దూది పొరో, పాలిస్టర్ పొరో ఉంటుంది. మంచానికి సరిపడా దాన్ని చుట్ట చుట్టి ఇంటి మిషన్‌లో దూర్చాలంటే కుదరదు, సూదికి కుడివైపు ఉండేది ఆరేడు అంగుళాల సందు. అందుకే ముక్క ముక్కగా క్విల్టింగ్ చేసి చివర్న కలిపే పద్ధతి. చేత్తో కుట్టేవాళ్ళకీ సుఖమే, ఒక్కో ముక్కా ఒళ్లో పట్టేస్తుంది. అమెరికాలో జార్జియా బోన్‌స్టీల్ అనే ఆవిడ దీన్ని ల్యాప్ క్విల్టింగ్ పేరుతోనే టీవీలో నేర్పింది.

గోంగూర గారూ, చిన్నోడు అడిగిన మూడో ప్రశ్నకి జవాబు చెప్పండి. అంతా అక్కడే ఉంది.

కోలార్ కోడలు (ఉదయం 9:11)

మధ్యన దూది పెడితే అది రజాయి కదా, క్విల్ట్ ఎలా అవుతుంది?

జయనగర్ తాతయ్య (ఉదయం 9:30)

రజాయి అంటే దూదేకినవాడు నింపేది. ముక్కలు అతికితే అతుకుల బొంత. క్విల్టింగ్ అనే మాటే తప్పు, ఇది ప్యాచ్‌వర్క్.

సూదిలో దారం (ఉదయం 9:34)

ప్యాచ్‌వర్క్ అంటే గుడ్డ ముక్కలు అతికి పైభాగం తయారు చేయడం. పొరలన్నీ పట్టి ఉండేలా కుట్లు వేయడం క్విల్టింగ్. రెండూ వేరు బాబాయ్.

గుంటూరు గోంగూర (మధ్యాహ్నం 1:20)

ఫోటోలు పెట్టాను. వంట, చుట్టాలు అయ్యేసరికి ఇంతసేపు. మధ్యన వేసింది పాలీఫిల్ షీటు, అదే పాలిస్టర్ పొర, చిక్‌పేటలో తీసుకున్నా, 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) అన్నాడు. పైన మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు. కుట్లు అంచు దాకా వేశాను, ఆపాలని నాకు తెలీదు. మూడు పొరలూ కలిపి ముందే పదహారు అంగుళాలకి కత్తిరించేసుకున్నాను, ఒక్కటి కూడా తేడా లేదు, స్కేలు పెట్టి కోశాను. సూది 11 నంబరు.

చీరాల చిన్నోడు (మధ్యాహ్నం 1:26)

ఇదంతా రాత్రే చెప్పాల్సింది. 11 జాకెట్ సూది. 14 వేయండి, గట్టు మీద 16. కుట్టు పొడవు మూడుకి పెంచండి.

సూదిలో దారం (మధ్యాహ్నం 2:48)

స్కేలు తప్పేం లేదు. కుట్టేకొద్దీ మూడు పొరలూ దగ్గరికి లాక్కుంటాయి, ఎన్ని కుట్లు పడితే అంత కుంచించుకుంటుంది. మీ ఫోటోలో ఆకుపచ్చ ముక్క మీద కుట్లు అర అంగుళానికి ఒకటి, పసుపు దాని మీద రెండంగుళాలకి ఒకటి. ఆ రెండూ ఒకే కొలతలో ఎలా ఉంటాయి? అందుకే కింద బట్ట, పాలీఫిల్ నాలుగు వైపులా ఓ అంగుళం ఎక్కువ వదిలి, క్విల్టింగ్ అయ్యాకే కొలతకి కత్తిరించాలి. పైగా వెంకటగిరి పల్చన, ఏటవాలుగా లాగితే జారుతుంది. ఈసారి చేస్తే కోసే ముందు చిక్కటి గంజి పెట్టి ఇస్త్రీ చేయండి, కాగితంలా నిలబడుతుంది.

ఇప్పుడు చేతిలో ఉన్నదానికి ఏం చేయాలి? వీడియో ఆవిడ అంచు నుంచి అంగుళం లోపలే కుట్లు ఆపి ఉంటుంది. అప్పుడు పై బట్టలు రెండూ మాత్రం కలిపి కుట్టి, పాలీఫిల్ అంచులు ఒకదానికొకటి ఆనేలా కోసి, వెనక బట్ట మడిచి చేత్తో కుట్టొచ్చు. మీరు అంచు దాకా కుట్టేశారు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. విప్పకండి, పాత చీర, రంధ్రాలు కనిపిస్తాయి. మీకు పట్టీల పద్ధతే గతి, అది బాగానే ఉంటుంది కూడా.

ముందు పదిహేను ముక్కలూ కొలవండి. అన్నిటికన్నా చిన్నది ఎంతుందో మిగతావన్నీ అంతకే కోయండి. ఏడుపొస్తుంది, అయినా కోయండి. పదిహేనుంపావు అనుకుందాం. ముందు వైపుకి అంగుళం ఒక నూలు వెడల్పు పట్టీ, వెనక్కి ఒకటిముప్పావు అంగుళం పట్టీ. వెనక పట్టీని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేస్తే ఏడు నూళ్ళు అవుతుంది. మొదటి ముక్క అంచున పైన ముందు పట్టీ, మంచి వైపు లోపలికి. కింద మడిచిన పట్టీ, దాని తెరిచి ఉన్న అంచులు ముక్క అంచుతో సమంగా. మూడూ కలిపి పావు అంగుళం లోపల ఒకే కుట్టు. ఇప్పుడు ముందు పట్టీ రెండో అంచుని పక్క ముక్క మంచి వైపుకి పెట్టి మళ్ళీ పావు అంగుళంలో కుట్టండి. వెనక పట్టీ ఇక్కడ సూది కిందకి రాకుండా చూసుకోండి. తెరిచి పరిస్తే రెండు ముక్కల అంచులూ పట్టీ కింద పక్కపక్కన పడుకుంటాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కవు. మీ గట్టు పుట్టింది రెండు లావులూ ఒకే వైపుకి పడి. వెనక పట్టీ మడత సరిగ్గా రెండో కుట్టు గీత దాకా వస్తుంది, అక్కడ చేత్తో దాచుకుట్టు.

అడ్డంగా మూడేసి కలిపి ఐదు వరుసలు చేశాక, వరుసల్ని ఇలాగే పొడవు పట్టీలతో కలపండి. మొత్తం దాదాపు 46 అంగుళాలకి 77, ఒంటి మంచానికి సరిపోతుంది. చేతికుట్టు మాత్రం 28 అడుగులు ఉంటుంది, ముందే చెప్తున్నా.

హెచ్చెస్సార్ కొత్తవాడు (మధ్యాహ్నం 3:02)

నూలు అంటే దారం కదా మేడమ్, అంగుళం ఒక దారం ఏంటి?

సూదిలో దారం (మధ్యాహ్నం 3:05)

అంగుళంలో ఎనిమిదో వంతు. వడ్రంగి మాట, మా నాన్న నోట్లోంచి వచ్చింది.

జయనగర్ తాతయ్య (మధ్యాహ్నం 3:40)

తమిళ వడ్రంగులదీ అదే లెక్క, నూల్ అంటారు. అంగుళానికి ఎనిమిది నూళ్ళు. హైదరాబాదులో సూత్ అంటారు, అదీ దారమే. మా చిన్నప్పుడు...

చీరాల చిన్నోడు (మధ్యాహ్నం 3:41)

మూడు మిల్లీమీటర్లు అనుకోండి, గొడవుండదు. ఇంకోటి. పాలీఫిల్ మీద వేడి ఇస్త్రీ ఆనించొద్దు, కరిగి అట్ట కడుతుంది. తాతగారి రుమాలు పరీక్ష విడి బట్ట మీదే.

కోలార్ కోడలు (మధ్యాహ్నం 4:15)

28 అడుగులు చేత్తో కుట్టేదానికి బొంతే కుట్టుకోవచ్చు కదా.

గుంటూరు గోంగూర (సాయంత్రం 6:30)

కొలిచాను. అన్నిటికన్నా చిన్నది పదిహేనుంపావే, అదే ఆకుపచ్చది. అందరికన్నా ఎక్కువ కష్టపడి కుట్టింది దాన్నే. పట్టీలకి అమ్మ చీర అంచు వాడొచ్చా? జరీ ఉంది, సన్నటిది.

సూదిలో దారం (రాత్రి 9:10)

జరీ పట్టీ ముందు వైపు అందంగానే ఉంటుంది కానీ సూదికి గట్టిగా తగులుతుంది, ఉతికితే పోగులు లేస్తాయి. హాస్టల్లో వాషింగ్ మిషన్‌లో పడేస్తారు పిల్లలు. మామూలు నూలు బట్టే ముందుకి అర మీటరు, వెనక్కి అర మీటరు తీసుకోండి, తడిపాకే కోయండి. (తాతయ్య గారూ, ఈ ఒక్క మాటా మీదే.) జరీ అంచు చివర్లో ఒక మూల చిన్న ముక్కగా వేయండి. వాకింగ్ ఫుట్ అని కుట్టు మిషన్‌కి తగిలించే వేరే పాదం ఉంటుంది, దొరికితే కొనండి. మామూలు పాదం కింద పళ్ళు కింది బట్టని లాగుతాయి, పై బట్ట వెనకబడుతుంది. వాకింగ్ ఫుట్‌తో రెండూ సమంగా నడుస్తాయి.

హెచ్చెస్సార్ కొత్తవాడు (సోమవారం, ఉదయం 10:20)

దూది బ్యాటింగ్ బెంగళూరులో మీటర్ల లెక్కన ఎక్కడ దొరుకుతుంది? పాలీఫిల్ వద్దు, మా బాబుకి చెమట పడుతోంది.

గుంటూరు గోంగూర (గురువారం, రాత్రి 10:47)

రెండు వరుసలు అయ్యాయి. 16 సూదికి గట్టు ఎక్కింది. మూడో ముక్కకి వెనక పట్టీ కూడా కలిపి కుట్టేశా, విప్పుతున్నా. థాంక్స్ అందరికీ.

జయనగర్ తాతయ్య (శుక్రవారం, ఉదయం 5:51)

విప్పేటప్పుడు బ్లేడు వాడకమ్మా. మా ఆవిడ పిన్నీసుతో విప్పేది.

హెచ్చెస్సార్ కొత్తవాడు (శుక్రవారం, ఉదయం 11:15)

దూది బ్యాటింగ్ ఎవరికైనా తెలుసా?